బడి సర్కారుదైతే బాధ్యత ఎవరిది?

బడిలో బిడ్డకు కీడు జరిగిన ప్రతిసారీ పాలకులు పాడే పాట ఒక్కటే. “తప్పు చేసినవాణ్ని సస్పెండ్ చేశాం, కేసు పెట్టాం, చట్టం తన పని తాను చేసుకుపోతుంది!” ఆ దుర్మార్గుడు జైలుకు పోవాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ వాణ్ని ఆ బడిలో పెట్టింది ఎవరు? మొదటి ఫిర్యాదు వచ్చినప్పుడు చెవుల్లో దూది పెట్టుకున్నది ఎవరు? ఒక ఊళ్లో గొడవైతే ఇంకో ఊరికి బదిలీ చేసి పంపేది ఎవరు? వీటికి మాత్రం జవాబు ఉండదు.

వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు జనం ఈ ప్రశ్నను ఇంకా గట్టిగా అడగాలి. దేశంలో పిల్లలు దిద్దుకోవడానికి పలకలు చేసి పంపిన నేల మనది. ఆ నేల మీద వానలు లేక, బోర్లు ఎండి, తల్లిదండ్రులు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు పోతున్నారు. పోయేముందు బిడ్డను సంక్షేమ హాస్టల్లోనో, గురుకులంలోనో, కస్తూర్బా బడిలోనో వదిలిపోతారు. ఆ రోజు నుంచి ఆ బిడ్డకు తల్లీ తండ్రీ సర్కారే. అన్నం పెట్టేది సర్కారు, రాత్రి తలుపుకు గడియ పెట్టేది సర్కారు. ఆ గడియ లోపల జరిగినదానికి “మాకు తెలియదు” అంటే చెల్లుతుందా?

కాకినాడ నుంచి బంజారాహిల్స్ దాకా

బడికి పంపడం మన ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అన్నది. అదే చట్టం 17వ సెక్షన్లో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయినా 2014 జూలైలో కాకినాడలో చూపులేని పిల్లల్ని బెత్తంతో చితకబాదారు. వీడియో టీవీలకెక్కాక అరెస్టులు జరిగాయి. 2022 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని డీఏవీ బడిలో నాలుగేళ్ల పాపపై ప్రిన్సిపాల్ డ్రైవరు అఘాయిత్యం బయటపడింది. 2023లో అతనికి 20 ఏళ్ల జైలు పడింది. బడి గుర్తింపు రద్దన్న ప్రభుత్వమే, పిల్లల చదువు ఆగకూడదని మళ్లీ నడవనిచ్చింది. మరి గుర్తింపు ఇచ్చి, తనిఖీ చేయాల్సిన యంత్రాంగం సంగతేమిటి?

ఐర్లాండు చెప్పిన పాఠం

ఐర్లాండులో లూయిస్ ఓకీఫ్ 1973లో, తొమ్మిదేళ్ల వయసులో, బడి హెడ్మాస్టరు చేతిలో లైంగిక హింసకు గురైంది. అతని మీద 1971లోనే బడి మేనేజరైన పాదిరీకి ఫిర్యాదు అందింది. అది విద్యాశాఖ గడప తొక్కలేదు. పెద్దయ్యాక ఆమె కోర్టుకెక్కితే, బడి నడిపేది చర్చి కాబట్టి మాకేం సంబంధమంది ప్రభుత్వం. 2008లో ఆ దేశ సుప్రీంకోర్టులోనూ ఆమె ఓడింది. అయినా వెనక్కి తగ్గలేదు. 2014 జనవరి 28న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది: చదువు తప్పనిసరి చేసి, ఆ బడికి పంపడం తప్ప వేరే దారి లేని చోట పిల్లల రక్షణకు ఏర్పాటు చేయకపోవడం రాజ్యం తప్పే. ఆ దేశ ప్రధాని క్షమాపణ చెప్పక తప్పలేదు.

మన దేశంలో మాత్రం ఆ సూత్రం లేదా? 1993లో నీలబతి బెహరా కేసు చూడండి. ఒరిస్సాలో పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు లక్షన్నర పరిహారం ఇప్పించింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినచోట సార్వభౌమాధికారం చాటున ప్రభుత్వం దాక్కోలేదని తేల్చింది. లాకప్పులో ఉన్న మనిషికి జవాబు చెప్పాల్సిన సర్కారు, హాస్టల్లో ఉన్న బిడ్డకు చెప్పనక్కర్లేదా?

చట్టం ఉంది, కదిలించేదెవరు?

2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పాలి. కింది ఉద్యోగి నేరం తెలిసీ దాచిన సంస్థ అధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. మహారాష్ట్రలోని ఒక హాస్టల్ కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు, తెలిసీ చెప్పకపోవడం తీవ్ర నేరమన్నది. అయినా మన ఊళ్లలో “పిల్ల పరువు పోతుంది” అంటూ పెద్దమనుషులు పంచాయితీ పెడతారు. పోయేది పిల్ల పరువు కాదు, దాచినవాళ్ల కుర్చీలు!

ఒక్కడు చేసిన పాపానికి ఖజానా ఎందుకు కట్టాలని అడిగేవాళ్లున్నారు. ఖజానాకు సెగ తగిలిననాడే తనిఖీలు నిజంగా జరుగుతాయి గనుక! కట్టినదాన్ని నేరస్తుడి నుంచీ, దాచిన అధికారి నుంచీ రాబట్టుకోండి. ఎవరు కాదన్నారు?

మనం అడిగేవి గొంతెమ్మ కోరికలు కావు. కేసు నమోదైన వెంటనే మధ్యంతర పరిహారం ఇప్పించాలి. కోర్టు ఆదేశించిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలని 2020 నిబంధనలే చెబుతున్నాయి. ఫిర్యాదున్నవాణ్ని ఇంకో బడికి బదిలీ చేయడం మానాలి. దాచిన హెడ్మాస్టరు, వార్డెన్, అధికారి ఎవరైనా 21వ సెక్షన్ కింద కేసు పెట్టాలి. బడిలో, హాస్టల్లో బిడ్డకు జరిగిన హానికి రాజ్యమే నష్టపరిహారం ఇచ్చేలా స్పష్టమైన చట్టం తేవాలి.

ఇది ఉపాధ్యాయుల మీద యుద్ధం కాదు. నీతిగా పాఠం చెప్పే పంతుళ్లకు, పంతులమ్మలకు ఈ మచ్చ అంటకూడదంటే ఉద్యోగ సంఘాలే ముందు నడవాలి. విద్యార్థి సోదరులారా! ప్రతి హాస్టల్ గోడమీదా 1098 నంబరు రాయండి. ఆ ఫోనుకు పలికే దిక్కు లేకపోతే, మండలాఫీసు ముందు మనం కూర్చుందాం.