తుపాకీ నీడన శాంతి ఎక్కడిది?

ప్రపంచ శాంతి మాట పెద్ద సభల్లో వినపడుతుంది. మరి మన అరకు కొండల్లో దాని సంగతేంటి?

2007లో వాకపల్లి ఆడబిడ్డలు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగా లేదంటూ బాధితులకి పరిహారం ఇమ్మంది. 2018లో లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ కాల్చి చంపారు. రాజ్యం పేరు చెప్పినా, విప్లవం పేరు చెప్పినా ఏడ్చింది ఆదివాసీ ఇల్లే.

1956లో ఖాట్మండులో బాబాసాహెబ్ బుద్ధుణ్ణీ మార్క్సునీ పోల్చి చెప్పింది ఇదే: దోపిడీ పోవాలి, హింసతో మాత్రం కాదు.

షెడ్యూల్డు ఏరియా భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు తూటాతో రాలేదు. నిమ్మలపాడు జనం కోసం కోర్టుకెక్కితే వచ్చింది.

భూమి మనదైతేనే శాంతి మనది. లేకుంటే అది శ్మశాన శాంతే. ఆ మాట గ్రామసభలో గట్టిగా అందాం!