మా పిల్లకాయల మనసు విరిచిందెవరు?

మన జిల్లా పేపర్లకు 'మనస్తాపం' అనే మాట బాగా కలిసొచ్చింది. 'మనస్తాపంతో విద్యార్థి బలవన్మరణం' అని నాలుగు వరుసల వార్త వేస్తారు. తాపం పుట్టించినోడు ఆ నాలుగు వరుసల్లో యాడా కనపడడు. పాము కరిస్తే పాముకాటు అంటారు, ఎండ తగిలితే వడదెబ్బ అంటారు. కులం కరిస్తే మాత్రం మనస్తాపం. మా పిల్లోడి మనసు దానంతట అదే కాగి, దానంతట అదే పగిలిందని మేం నమ్మాల!

మర్నాటి నుంచీ ఉపన్యాసాలు మొదలు. ఈ కాలం పిల్లలు సున్నితం, తట్టుకునే శక్తి లేదు, సెల్‌ఫోన్లు చెడగొట్టాయి. వ్యక్తిత్వ వికాసం చెప్పే పెద్దమనుషులకు తిరుపతిలో కొదవ లేదు. 'ఇన్ఫీరియారిటీ కాంప్లెక్స్ వదిలిపెట్టండి, పాజిటివ్‌గా ఆలోచించండి' అని మైకులో చెప్పి, శాలువా కప్పించుకుని పోతారు. అయ్యా, ఆ కాంప్లెక్స్‌ను మా పిల్లకాయలు యాడ తెచ్చుకున్నారు? మా ఏఏవాడ అంగట్లో అది అమ్మరు. ఐదేళ్ళ బిడ్డ పలకా బలపం పట్టుకుని బడికి వచ్చిన పొద్దు వాడి దగ్గర అది లేదు.

మేం బడి పంతుళ్ళం. అది ఎట్లా ఎక్కుతుందో చూస్తానే ఉండాం. స్కాలర్‌షిప్ లెక్క కోసం 'ఎస్సీలంతా లేచి నిలబడండ్రా' అని క్లాసులో అరిచే నోరు ఒకటి. ఊళ్ళో పెద్దింటి పిల్లోడు తప్పు చేస్తే 'అల్లరోడు', అదే తప్పు మావోడు చేస్తే 'వాళ్ళ బుద్ధే అంత'. మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఏ వాడ నుంచి వచ్చిందో కనుక్కుని ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకునే పిల్లలు ఇంకో పక్క. ఎవరూ కొట్టలేదు. కేసు పెడదామంటే పట్టుకోను చేతికేమీ దొరకదు. అయినా పదేళ్ళు నిండేలోపల మా బిడ్డకు తన చోటు ఏదో తెలిసిపోతుంది. నోట్లో జవాబు ఉన్నా చెయ్యి ఎత్తడు.

ఇది మా ఊహ కాదు. కర్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి వెతికే ఆట ఇచ్చారు. 2004లో ఆ పరిశోధన వెలువడింది. కులం బయటపెట్టకుండా ఆడిస్తే రెండు పక్కలా తేడా లేదు. అందరి ముందూ పేరూ కులమూ చదివి ఆడిస్తే దళిత పిల్లలు వెనకబడ్డారు. తెలివి తక్కువై కాదు. గదిలోకి కులం వచ్చి కూర్చుంది, అంతే.

అమెరికాలో క్లార్క్ దంపతులు 1940ల్లో నల్లపిల్లల ముందు నల్లబొమ్మనూ తెల్లబొమ్మనూ పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. 1954లో బ్రౌన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తెల్లోళ్ళకూ నల్లోళ్ళకూ వేరు బడులు చెల్లవని చెప్తూ, ఆ వేరుపాటు పిల్లల మనసులో న్యూనతను నాటుతుందని ఒప్పుకుంది. అదే ఏడు మన తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన దగ్గర జబ్బు బిడ్డదే, బడిది కాదు!

సత్యవేడు నుంచో, గంగాధర నెల్లూరు నుంచో, పూతలపట్టు నుంచో మా పిల్లోడు పెద్ద చదువుకు పోతాడు. మొదటి వారంలోనే ప్రశ్న: 'నీ ర్యాంకెంత బ్రదర్?' అడిగేది ర్యాంకు కాదు, కులం. చెప్తే కోటా, చెప్పకపోతే దొంగ. ఆ పొద్దు నుంచి వాడు రాసే ప్రతి పరీక్షా జాతి మొత్తానిది. పక్కోడు తప్పితే వాడొక్కడే ఫెయిలు. మావోడు తప్పితే రిజర్వేషనే ఫెయిలు! ఇంత బరువు నెత్తిన పెట్టుకుని చదివేవాణ్ణా తట్టుకోలేడంటారు?

ఇంటి బరువు ఇంకొకటి. నాయన చెరకు నరకను పోతాడు, అమ్మ ఉపాధి పనికి పోతుంది. ఇంట్లో చదివినోడు వాడొక్కడే. మొదటి తరం చదువు ఎట్లుంటుందో మాకు వేరే ఎవరూ చెప్పబల్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సర్కారు దగ్గర ఆగితే కాలేజీ నిలదీసేది వాణ్ణే. ఆదివారం ఇంటికి ఫోన్ చేసి 'బాగుండా మా' అంటాడు. ఇంగేం చెప్తాడు? చెప్పుకోను ఇంట్లో మాటలు లేవు, వినను కాలేజీలో చెవులు లేవు. ఆడపిల్ల అయితే ఆ మాత్రం నోరు కూడా తెరవదు. హాస్టల్లో ఇట్లుండాది అని చెప్తే చదువు మానిపించి పెళ్ళి చేస్తారని భయం.

ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులను ఎట్లా వేరుగా చూస్తున్నారో 2007లోనే థోరట్ కమిటీ రాసిపెట్టింది. ఎవరు చదివారు? 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయాడు. నెలల తరబడి ఫెలోషిప్ ఆపారు, హాస్టల్ నుంచి గెంటారు, ఆ పిల్లలు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. అది మనసు బలహీనతా? పోయినాక ప్రభుత్వాలు వెతికింది ఎవరు చంపారని కాదు, వాడిదే కులమని. 2019లో ముంబయిలో డాక్టరు పాయల్ తాడ్వి. ఆ ఇద్దరి తల్లులూ అదే ఏడు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ పుస్తకంలో వాళ్ళ కులాల పట్టిక మాత్రం వేయరు.

ఇక మనోళ్ళకు ఒక మాట. బిడ్డకు నిద్ర పట్టకపోతే, తిండి తగ్గితే, మాట పడిపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టించేది మానండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మనసు డాక్టర్లు ఉండారు. మందు కావాలంటే మందు మింగాల్సిందే. షుగరు మాత్రకు లేని సిగ్గు దీనికెందుకు? కులం పోయేదాకా మందు వద్దనే మొండివాదం మాది కాదు. 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు.

ఉద్యమం పేరు చెప్పుకునే కొందరికి ఇంకో మాట. పోయిన బిడ్డ ఫొటోకు దండ వేసేటప్పుడు వచ్చే జనం, బతికున్న బిడ్డ హాస్టల్‌కు పోయి ఒక సాయంత్రం కూర్చుందామంటే రారు. అమరుడని పేరు పెట్టను అంత తొందరేల? మా పిల్లకాయలు అమరులు కాకపోయినా ఫరవాలేదు, ముసలోళ్ళయితే చాలు.

విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చి 2023లో చనిపోయిన 17 ఏళ్ళ బెంగాలీ అమ్మాయి కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాల. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలిగేటట్టు సిబ్బందికి శిక్షణ ఇవ్వాల. చట్టం వచ్చేదాకా ఇదే కట్టుబాటు. తిరుపతిలో ర్యాంకుల ఫొటోలు అంటించుకున్న గోడలకు ఈ కాగితం కూడా అంటించమని అడుగుదాం. కౌన్సెలర్ని పెట్టినంత మాత్రాన చాలదు. 'కులం గురించి ఆలోచించకు నాయనా' అని చెప్పి పంపే కౌన్సెలర్ మాకు వద్దు. అవమానాన్ని అవమానమని రాసుకుని, ఆ పొద్దే ప్రిన్సిపాల్ ముందు పెట్టేవాళ్ళు కావాల.

మీ బిడ్డ చదివే కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా? ఏ గదిలో, వారంలో ఎన్ని రోజులు? పోయి అడగండి. చెప్పిన జవాబు, చెప్పినోళ్ళ హోదా, తేదీ వేసి వచ్చే సంచికలోపల మాకు జాబు రాయండి. పిల్లల పేర్లు రాయబాకండి.