ఢిల్లీ లేఖ: తెరల కర్మాగారానికి ముందు తెరల విద్య

రాజధానిలో పారిశ్రామిక విధానాన్ని గూర్చిన చర్చ సాధారణంగా కోట్ల లెక్కతో మొదలై ఎకరాల లెక్కతో ముగుస్తుంది. టెలివిజన్లకు, ఫోన్లకు కావలసిన తెరల విషయంలోనూ జరిగినది ఇదే. 2021 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకాన్ని ఆమోదించినప్పుడు, తెరల కర్మాగారాలకు కూడ వ్యయంలో సగం వరకు సహాయం చేయగలమని ప్రకటించినది. 2022 జూన్‌లో ఎలెస్ట్ అనే సంస్థ 24,000 కోట్ల రూపాయలతో అటువంటి కర్మాగారం నెలకొల్పేందుకు తెలంగాణ ప్రభుత్వంతో అవగాహన పత్రం కుదుర్చుకున్నది. కాని 2025 ఆఖరునాటికి కేంద్రం ఆమోదించిన పది ప్రాజెక్టులలో తెరల కర్మాగారం ఒక్కటీ లేదు. వాటిలో ఒకటి రాజధాని పొరుగున జేవర్‌కు వచ్చినది. అయితే అది తయారుచేయవలసినది తెరలను నడిపే చిప్పులను. చిప్పు మనది, అది నడపవలసిన తెర పరాయిది!

ఈ లోటుకు ధనాభావం ఒక్కటే కారణమనుకోరాదు. తెరకు ప్రాణం వెలుగు. ఆ వెలుగును ఏళ్లతరబడి ఒక్క తీరున నిలపడం ఒక ప్రత్యేక విద్య. పాత ద్రవస్ఫటిక తెరలో దీపం వెనుక ఉంటుంది, చుక్క కేవలం కిటికీ రెక్క వంటిది. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తానే ఒక దీపం. దాని కాంతి అందులో ప్రవహించే విద్యుత్తును బట్టి ఉంటుంది. ఆ ప్రవాహాన్ని అదుపుచేసేది గాజుపై పరచిన సన్నని పొర ట్రాన్సిస్టర్. 1920 అడ్డం, 1080 నిలువుగల తెరలో మూడు రంగులకు కలిపి ఇటువంటి దీపాలు 62 లక్షలకు పైగా ఉంటాయి. సెకనుకు అరవైసార్లు బొమ్మ మారితే ఒక్కొక్క వరుసకు ఆజ్ఞ అందించడానికి చిక్కే వ్యవధి సెకనులో పదిలక్షల వంతులు పదిహేను మాత్రమే.

చిక్కంతా ఇక్కడున్నది. ఏ ట్రాన్సిస్టర్ అయినా తెరుచుకోవడానికి ఒక కనీస వోల్టేజి కావాలి. ఒకే గాజుపై పక్కపక్కనున్న రెండింటికి ఆ కనీసం ఒక్కటిగా ఉండదు. వాడుకలో అది జరుగుతూ కూడ ఉంటుంది. కనీసానికి మించి ఒక వోల్టు ఇచ్చినచోట, ఆ కనీసం వోల్టులో పదోవంతు పెరిగితే చాలు, ప్రవాహం 19 శాతం పడిపోతుంది. తెరపై మబ్బులవంటి మచ్చలు కనుపిస్తాయి. దీనికి తోడు, కాలువ చివరి ఆయకట్టుకు నీరందనట్లే, తీగ చివరి చుక్కలకు వోల్టేజి పూర్తిగా చేరదు. నీలిదీపం తక్కినవాటికంటె ముందుగా వడలుతుంది.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం మన అంగడి తక్కెడను తలపిస్తుంది. తూకానికి ముందు పాసంగం కట్టినట్లు, ప్రతి బొమ్మకు ముందు ఆ ట్రాన్సిస్టర్ కనీస వోల్టేజిని దానిచేతనే కొలిపించి ఒక కెపాసిటర్‌లో దాచి, దానికి బొమ్మ వోల్టేజిని కలుపుతారు. అప్పుడు ప్రవాహం ఆజ్ఞను బట్టే ఉంటుంది, ట్రాన్సిస్టర్ గుణదోషాలను బట్టి కాదు. అయితే రెండు ట్రాన్సిస్టర్లతో సరిపోయే చుక్కకు ఆరేడు కావలసివస్తాయి. చోటు ఇరుకవుతుంది, వ్యవధి చాలదు, ఒక్కటి చెడినా చుక్క చెడుతుంది. పెద్ద టెలివిజన్లలో ఈ కొలతను వెలుపలినుంచి చేసి, ఆజ్ఞనే సవరించి పంపే మార్గమూ ఉన్నది. ఏ తెరకు ఏది తగునో తేల్చగలవాడే తెరను తయారుచేయగలవాడు. తక్కినవాడు కేవలం బిగించేవాడు.

బిగించడం మనకు కొత్త కాదు. 1975-76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగానికి ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు సెట్లు కావలసివచ్చినప్పుడు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. వాటిని సమకూర్చగలిగినది. 1982లో రంగుల టెలివిజన్ రాగానే విదేశీ విడిభాగాల పెట్టెలు తెరిచి బిగించడమే పరిశ్రమ అనిపించుకున్నది. మొదటి అనుభవం మనకు నైపుణ్యం ఇచ్చినది, రెండవది అలవాటు చేసినది.

విదేశాలనుంచి కొనడమే తప్పని ఈ లేఖకుని వాదన కాదు. చైనాకు చెందిన బి.ఓ.ఇ. సంస్థ 2003లో కొరియానుంచి తెరల వ్యాపారాన్ని కొన్నది; కాని అక్కడితో ఆగక విద్యను కూడ వంటబట్టించుకున్నది. నేడది ప్రపంచంలోని అతిపెద్ద తెరల తయారీదారులలో ఒకటి. కొన్న యంత్రం పాతబడుతుంది, నేర్చిన విద్య పాతబడినా కొత్త విద్యకు మెట్టవుతుంది.

మద్రాసు, కాన్పూరు ఐ.ఐ.టి.లలో ఈ రంగంలో పరిశోధన జరుగుతున్నది. హైదరాబాదు, బెంగుళూరులలో వేలాది తెలుగు ఇంజనీర్లు విదేశీ కంపెనీలకు చిప్పులు రూపొందిస్తున్నారు. ఈ రెంటినీ కలిపే నమూనా తయారీశాల, గీసిన వలయాన్ని కొద్దివారాలలో గాజుపై చూపగలది, తక్షణం అవసరం. భారీ కర్మాగారానికి కావలసిన ధనంలో స్వల్పభాగంతో అది సాధ్యమవుతుంది. రక్షణశాఖ, రైల్వేలు తమకు కావలసిన చిన్న తెరలకు దానినే తొలి సరఫరాదారుగా స్వీకరించాలి. ఇకముందు ఏ తెరల కర్మాగారానికి సహాయమిచ్చినా, చుక్కలోని వలయరచనలో కొంతభాగమైనా ఈ దేశంలోనే జరగాలనే షరతు విధించాలి.

సగం ఖర్చు భరిస్తున్నది పన్ను చెల్లించే పౌరుడు. ఆ డబ్బుకు భవనంతోబాటు విద్య కూడ దక్కాలని కోరే హక్కు అతనికున్నది.