మా కంచం - 6: చాప ఒకటే, కూడు ఎవరిది?

"తిండికి కులమేంటండీ?"

పోయిన భాగం చదివి చాలామంది అన్న మాట ఇది. అన్నవాళ్లలో ఎక్కువమంది మంచివాళ్లే. ఆదివారం నాటుకోడి పులుసు వండితే ఫొటో పెడతారు. భీమవరం వెళితే రొయ్యల వేపుడు ఎక్కడ తినాలో, కడప వెళితే కారం దోసె ఏ బండి దగ్గర బాగుంటుందో చెబుతారు. ఎవరైనా బాగా వండితే గిన్నె ఊడ్చి మరీ మెచ్చుకుంటారు. తిండి మీద ప్రేమ ఉన్న మనుషులంటే నాకూ ఇష్టమే, నేనూ ఆ బాపతే. అందుకని జవాబు మర్యాదగానే చెబుతాను. కానీ పూర్తిగా చెబుతాను.

తిండికి కులం లేకపోతే బోర్డుల మీద ఎందుకుందండీ? రాజుగారి కోడి పలావు. రెడ్డిగారి నాటుకోడి. బ్రాహ్మణ భోజనం. కులం పేరు తగిలిస్తే కూరకు రుచి పెరుగుతుందని వ్యాపారస్తుడికి తెలుసు. తినేవాళ్లకూ తెలుసు. అదే ధైర్యంతో "మాదిగగారి మాంసం పులుసు" అని ఒక బోర్డు రాసి చూడండి. కూర సంగతి తర్వాత, ఆ "గారు" అక్కడ అతకదు చాలామంది నోటికి.

ఇది ఈనాటిది కాదు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి శ్రీనాథుడు గుర్తొస్తాడు. ఆయన పల్నాడు వెళ్లి అక్కడి జొన్నకూడు మింగుడు పడక చాటువులు చెప్పాడంటారు. క్లాసులో పిల్లలు నవ్వుతారు. నాకైతే అది తెలుగులో మొదటి హోటల్ రివ్యూలా కనిపిస్తుంది. సన్నన్నం మరిగిన నోరు జొన్నన్నం తినే ఊరికి మార్కులు వేయడం. ఇప్పుడు అదే జొన్న, షుగరు జబ్బు పుణ్యమా అని, ఏసీ హోటళ్లలోకి వచ్చి కూర్చుంది. రాగి సంకటి వచ్చింది. తలకాయ, బోటి వచ్చాయి. పేదవాళ్ల దాకలోంచి ఒక్కొక్కటే పైకి వెళుతున్నాయి, పేదవాళ్లను మాత్రం కిందే వదిలేసి. పైకి వెళ్లాక వాటికి "పల్లె రుచులు" అని పేరు పెడతారు. పల్లెలో ఎటువైపు రుచులు? ఊరివా, వాడవా?

ఒక్కటి మాత్రం పైకి వెళ్లలేదు. దాని పేరు కూడా సరిగ్గా పలకరు. మావాళ్లే పలకరు. "పెద్దది" అంటాం. "పెద్దకూర" అంటాం. అద్దె ఇంట్లో ఉంటే గొంతు తగ్గించి "అదే" అంటాం. గొడ్డు మాంసం.

నోరూరించేలా రాయడం మీకొక్కరికే వచ్చని అనుకోకండి. ఒట్టి తునకలు ఎలా చేస్తారో చెబుతాను. మాంసాన్ని చేతి వేలంత వెడల్పున, జానెడు పొడుగున పేలికలుగా కోయాలి. ఉప్పు, పసుపు గట్టిగా పట్టించి, తాడు మీద ఒక్కొక్కటే బట్టలు ఆరేసినట్టు ఆరేయాలి. కాకుల్ని తోలడానికి ఇంట్లో చిన్నపిల్ల ఒకతి కర్ర పట్టుకుని కూర్చోవాలి. మూడు నాలుగు మంచి ఎండలు పడితే కట్టెపుల్లల్లా అవుతాయి. కుండలో దాచుకుంటే నెలల తరబడి ఉంటాయి. కావాలన్నప్పుడు నాలుగు తీసి నిప్పుల మీద కాల్చి, రోట్లో వేసి నలగ్గొట్టి, వేడి నీళ్లలో నానబెట్టి, గోంగూరతోనో దోసకాయతోనో వండాలి. ఆ వాసన వీధి చివరి దాకా వెళుతుంది. పని దొరకని వానాకాలంలో మా అమ్మ ఆ నాలుగు తునకలతో ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టేది. ఫ్రిజ్ లేని ఇంటి తెలివి అది. ఇది వంట కాకపోతే ఇంకేది వంట?

"మాంసం అంటే కొందరికి పడదు కదా" అంటారు. కొందరికి అనే మాట దగ్గర ఆగుదాం. 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో మాంసాహారులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం పైనే. అంటే మనది గుజరాత్ కాదు, రాజస్థాన్ కాదు. ఇక్కడ గొడవ శాకాహారానికీ మాంసాహారానికీ మధ్య కానే కాదు. కోడి మెడ కోసేటప్పుడు రాని జాలి, పొట్టేలు తల కాల్చేటప్పుడు రాని జాలి, మా కూర దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచి ఊడిపడుతుంది? జీవకారుణ్యం అయితే అన్ని జీవాలకూ ఉండాలి. ఒక్క కంచం దగ్గరే పుట్టుకొచ్చే జాలిని కులం అనే అంటారు. అంటరానితనం పుట్టుకకూ గొడ్డు మాంసానికీ ఉన్న ముడిని అంబేద్కర్ 1948లోనే "ది అన్‌టచబుల్స్"లో విప్పి చూపించాడు. మనం ఇంకా "తిండికి కులమేంటి" దగ్గరే ఉన్నాం.

చట్టం మాట ఎత్తుతారు కొందరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం ఆవునూ దూడనూ కోయడాన్ని నిషేధించింది. పనికీ పాడికీ పనికిరాని ఎద్దునూ గేదెనూ ధ్రువపత్రంతో కోయడానికి ఆ చట్టమే దారి ఇచ్చింది. చట్టం ఇచ్చిన దారిని మనుషులు మూసేస్తున్నారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ బిర్యానీ వండుకుని బహిరంగంగా తిన్నందుకు రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు పేలింది. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు షాక్ కొట్టి చచ్చిన ఆవు తోలు ఒలుస్తుంటే ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకు కట్టి కొట్టారు. చచ్చిన గొడ్డును తీసేయడానికి మేం కావాలి. తీసినందుకు తన్నులూ మాకే.

హైదరాబాద్‌లో కల్యాణి బిర్యానీ తినే ఉంటారు కొందరు. కల్యాణి నవాబుల పేరు మీద వచ్చిన వంట అది. చిన్న చిన్న ముక్కల గేదె మాంసంతో చేస్తారు. నవాబు పేరు పెట్టుకున్న ఆ వంటనే "పేదోడి బిర్యానీ" అంటారు. హైదరాబాద్ బిర్యానీ మీద లోకమంతా పొగడ్తలు గుప్పిస్తుంటే, అదే ఊళ్లో రిక్షా తొక్కేవాడి, కూలికి పోయేవాడి కడుపు నింపిన బిర్యానీ మాత్రం ఏ మాంసమో చెప్పకుండా పేరు చాటున బతకాలి.

ఇంటి వంట అంటారు కదా, దానికి ముందు ఇల్లు కావాలి. పట్నంలో టు-లెట్ బోర్డు కింద "వెజిటేరియన్స్ ఓన్లీ" అని చూస్తాం. కోడి తినే ఇంటి ఓనరు కూడా మన పేరు అడిగి, ఊరు అడిగి, చర్చికి వెళతారా అని అడిగి, చివర్లో "మరేం అనుకోవద్దు, ఆ మాంసం మాత్రం వండకూడదు" అంటాడు. డాబా మీద తునకలు ఎండబెట్టుకోగలిగిన దళిత ఉద్యోగి ఎంతమంది? మూడు తరాల వంట ఒక్క అద్దె షరతుతో ఆగిపోతుంది. మా పిల్లలకు రుచి తెలియదు. వండే తీరు తెలియదు. సిగ్గు మాత్రం తెలుస్తుంది.

స్టాఫ్ రూముల్లో మధ్యాహ్నం క్యారియర్లు విప్పుతారు. గుత్తొంకాయ ఇటు వస్తుంది, ఉలవచారు అటు వెళుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. మా డబ్బా మూత తీస్తే మాత్రం ముందు ఒక పరీక్ష రాయాలి. "మేడమ్, ఇది చికెనే కదా?" చికెన్ అయితే పాసు. మీ కూర నాకు పెట్టడం మీ పెద్దమనసు, నా కూర మీరు ముట్టుకోవడం మీ విప్లవం. దీన్నే పంచుకోవడం అంటున్నారు.

పల్నాటి బ్రహ్మనాయుడి చాపకూడు గురించి గొప్పగా చెప్పుకుంటాం. అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చూశాడని. ఆ కాలానికి అది పెద్ద సాహసమే, కాదనను. కానీ ఆనాటి నుంచీ మనం చాప గురించే మాట్లాడుతున్నాం. కూడు గురించి అడగడం లేదు. సంస్కర్తలు పెట్టిన సహపంక్తి భోజనాలైనా, ఇప్పుడు ఎన్నికల ముందు వాడకొచ్చి అన్నం తినే నాయకులైనా, చాప మీదికి మనుషుల్ని రానిచ్చారు. మా కుండను రానివ్వలేదు. కలిసి తింటే కులం పోదని 1936లోనే "కుల నిర్మూలన"లో అంబేద్కర్ చెప్పాడు. కలిసి తినేటప్పుడు ఒకరి కూర బయటే ఆగిపోతే అది కలిసి తినడం కూడా కాదు.

"అయితే మమ్మల్నీ తినమంటారా?" అని అడిగేవాళ్లు ఉంటారు. అక్కర్లేదండీ. దళితులందరూ కూడా తినరు. మానేసినవాళ్లు ఉన్నారు, అలవాటు లేనివాళ్లు ఉన్నారు. నేను కాకరకాయ తినను. మీరు కాకరకాయ వేపుడు తెస్తే ముక్కు మూసుకోను, గిన్నె కడిగించను, ఇల్లు ఖాళీ చేయమనను. నేను అడిగేది అంతే.

మావాళ్లకు కూడా ఒక మాట. "ఎందుకక్కా బయటపెట్టుకోవడం, పిల్లల చదువులు, ఉద్యోగాలు" అంటారు. ఆ భయం నాకు తెలుసు, అది ఉత్తి భయం కాదనీ తెలుసు. ధైర్యం లేదని ఎవర్నీ తప్పుబట్టను. కానీ వీలున్నవాళ్లం చెప్పకపోతే మన అమ్మల వంటను మన తర్వాత చెప్పేవాళ్లు ఉండరు. మీ అమ్మ చేత ఒక్కసారి చెప్పించుకుని రాసుకోండి. ఏ ఆకుతో వండేది, ఎంతసేపు ఉడికించేది, కొవ్వు ఎలా కరిగించి దాచేది. "పెద్దది" అని కాదు, పేరు పెట్టి రాయండి.

వచ్చే భాగంలో నేను మా అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

జై భీమ్.