వెనక సీట్లోంచి వినండి

అంబాసిడర్ కారున్న ఇళ్లు ఇప్పటికీ మన ఊళ్లల్లో అక్కడక్కడా ఉన్నాయి. మావగారి నాటిదనో, పిల్లల పెళ్లిళ్లకి తిరిగిన బండనో అమ్మబుద్ధి కాక ఉంచుకుంటాం. బెంగాల్లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా తయారుచేశారు దీన్ని. ఇక కొత్తది రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే దాని జబ్బులు మనకీ కాస్త తెలియాలి. ఇంజను సంగతి మగవాళ్లు బాగానే చూసుకుంటారు. వెనక ఇరుసు సంగతి మాత్రం మనమే కనిపెట్టాలండీ. ఎందుకంటారా? వెనక సీట్లో కూర్చునేది మనమే, ఇరుసు ఉండేదీ అక్కడే. డ్రైవరు చెవికి ఇంజను రొద అడ్డం. మనకి అంత అడ్డం ఉండదు.

ఈ బండిలో ఇంజను ముందుంటుంది, తిప్పేది మాత్రం వెనక చక్రాల్ని. గేరుపెట్టె నుంచి వెనక ఇరుసు దాకా బండి కింద ఒక పొడుగాటి గొట్టం తిరుగుతూ ఉంటుంది. అదే ప్రొపెల్లర్ షాఫ్ట్. గతుకుల్లో ఇరుసు పైకీ కిందకీ ఊగుతుంది కనక ఆ గొట్టానికి రెండు చివర్లా కీళ్లుంటాయి. మెకానిక్కులు వాటిని క్రాసులంటారు. ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బెత్తుగా కనబడేది డిఫరెన్షియల్. దాన్లో పినియన్ అనే చిన్న పళ్లచక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ఇక మలుపులో లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా. కళ్లంలో బంతి కట్టి తిప్పే ఎడ్లని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గుంజ దగ్గరున్న ఎద్దు నింపాదిగా నడుస్తుంది, చివరిది గబగబా అడుగులెయ్యాలి. కారులో ఆ తేడాని సర్దేవి స్టార్ పినియన్లు అనే చిన్న పళ్లచక్రాలు.

ఇప్పుడు అసలు మాట. చప్పుడు ఎలా ఉందన్నది ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు. ఎప్పుడు వస్తోందన్నది చూడండి, జబ్బు ఎక్కడుందో చాలావరకూ తేలుతుంది.

బండి కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు, పెడల్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు ఒక్కసారి 'టక్' మంటే ముందుగా క్రాసుల్ని అనుమానించాలి. అది పెద్ద పని కాదు. మా ఆడపడుచుగారి బండికి ఇదే వచ్చింది. "గేటు దాటేప్పుడల్లా కిందనించి ఎవరో గునపంతో పొడిచినట్టుంటోందే" అని ఫోన్లో ఒకటే బాధ. వాళ్ల ఊళ్లో ఒక మెకానిక్కు ఇలా విని అలా క్రౌన్, పినియన్ రెండూ పోయాయి, మార్చాలన్నాడట. ఆ ఖర్చు వినేసరికి వాళ్లాయన బండిని తూకానికి ఇచ్చేస్తానని కూర్చున్నారు. "వదినా, దారిలో పోతున్నప్పుడు హోరేమైనా ఉందా?" అని అడిగాను. లేదంది. అయితే ముందు క్రాసులు చూపించమన్నాను. షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తే వెనక క్రాసు గడగడలాడుతోంది, దాని చుట్టూ కుంకుమలాంటి తుప్పుపొడి. లోపల గ్రీజు ఎండిపోయిందనడానికి ఆ పొడే గుర్తు. క్రాసు మార్చారు, టక్కు పోయింది. క్రౌన్ పినియన్ అలాగే ఉంది.

క్రాసులు గట్టిగా ఉండి కూడా టక్‌మంటే కమాన్ పట్టీల్ని ఇరుసుకి బిగించే యు బోల్టులు, పట్టీల చివర్ల బుష్షులు చూడాలి. అవీ బాగుంటేనే డిఫరెన్షియల్ దాకా పోవాలి. పనివాళ్లు కొందరు ఈ వరసని తిరగేస్తారు. ఖరీదైన చోటినుంచి మొదలుపెడితే వాళ్లకి లాభం మరి!

రెండోది హోరు. ఇక్కడ మిక్సీని గుర్తుతెచ్చుకోండి. ఖాళీ జార్ తిరిగేప్పటి చప్పుడు వేరు, పప్పు పడ్డాక వేరు కదా. క్రౌన్ పినియన్ పళ్లు అరిగినా, వాటి మధ్య సందు తప్పినా అంతే. పెడల్ తొక్కితే ఒక కూత, వదిలేస్తే ఆ కూత మారడమో, ఆగడమో జరుగుతుంది. పెడల్‌తో పని లేకుండా వేగంతోపాటే హోరు పెరుగుతూ, మలుపు తిరిగినప్పుడు మారుతుంటే చక్రం బేరింగు కావచ్చు. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా వినిపిస్తే అది టైరుదే, ఇరుసుని ఎవర్నీ విప్పనివ్వకండి. మలుపుల్లో మాత్రమే గరగరమంటే స్టార్ పినియన్లని చూడాలి. ఒక వేగం దగ్గర కాళ్లకింద నేల జలజలా వణికి, వేగం తగ్గించగానే ఆగిపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంగిందనో, దాని తూకం తప్పిందనో అనుమానించాలి. నెలల తరబడి కదలని బండైతే మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమని తర్వాత సర్దుకోవచ్చు. అది నిలబడి నిలబడి టైరు ఒకపక్క చదునవడం వల్ల.

ఇంజనుదా వెనకదా అన్న సందేహం ఉంటే, రద్దీ లేని చదును రోడ్డు మీద బండి పోతుండగా న్యూట్రల్ చెయ్యమనండి, ఇంజను మాత్రం ఆపొద్దు. హోరు అలాగే ఉంటే అది చక్రాలవైపుది. బండి నిలబెట్టి ఇంజను రేపినా వస్తుంటే ఇరుసుకి దానితో సంబంధం లేదు.

నా మటుకు నాకు, ఏళ్లుగా ఒకే తీరున సన్నగా కూస్తున్న పాత అంబాసిడర్‌ని కదపకపోవడమే మంచిదనిపిస్తుంది. నూనె సరిపడా ఉండి, దాన్లో లోహపు ముక్కలు లేకపోతే నడవనివ్వండి. క్రౌన్, పినియన్ జతగా అరిగి జతగా నడుస్తాయి. ఒకదాన్నే మార్చకూడదు, జత కొత్తదైనా పల్చటి రేకులు వేసి సందు కుదర్చడం అందరికీ వచ్చిన విద్య కాదు. ఉన్నట్టుండి మొదలైన చప్పుడు, రోజురోజుకీ పెరిగే చప్పుడు, ఇవి మాత్రం ఆగవు, చూపించాల్సిందే.

అన్నిటికన్నా నేను భయపడేది చప్పుడే లేని జబ్బుకి. వెనక చక్రం లోపలివైపు నల్లగా జిడ్డుగా తడి కనబడిందా? ఇరుసు చివర సీలు పోయి గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగుతోందేమో. నూనె తాగిన బ్రేకు షూలు పట్టవు, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది. తుడిచి బిగించమని ఒప్పుకోకండి. షూలు రెండు చక్రాలకీ మార్చాలి. సీలు కొత్తది వేసినా మళ్లీ కారితే ఇరుసు మీద గాలి పోయే చిన్న బ్రీదర్ మట్టితో పూడిందేమో చూడమనండి. బండి నడిచి లోపల వేడెక్కితే గాలికి దారి లేక నూనెని సీలులోంచి తోస్తుంది. గేర్ ఆయిల్ చిక్కగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. బ్రేకు ఆయిల్ పల్చన. ఏది కారుతోందో ముక్కే చెబుతుంది. డిఫరెన్షియల్‌లో ఇంజన్ ఆయిల్ పోయించకండి. ఆ పళ్ల ఒత్తిడికి తట్టుకునే 90 నంబరు హైపాయిడ్ గేర్ ఆయిలే వాడాలి. చదును నేల మీద నూనె పోసే కన్నం అంచుదాకా ఉంటే చాలు.

ఇంట్లో పిల్లలెవరైనా తామే చూస్తామని జాకీ తీస్తే ఒక్కమాట చెప్పండి. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వాటిని గాల్లోకి లేపాక అది ఎందుకూ పనికిరాదు. ముందు చక్రాలకి రెండువైపులా చెక్కదుంగలు అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, గట్టి స్టాండు పెట్టాలి. ఒక చక్రం లేపి ఇంజను ఆన్ చేసి గేరు వెయ్యడమైతే అసలు వద్దు. నేల మీదున్న రెండో చక్రం కాస్త పట్టిందంటే బండి జాకీ మీంచి దూకుతుంది. ఇంజను ఆపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే చాలు, ఊగితే బేరింగు సంగతి తెలిసిపోతుంది.

షెడ్డుకి పంపేటప్పుడు ఓ కాయితం మీద ఎప్పుడొస్తోంది, ఎంత వేగంలో, పెడల్ తొక్కితేనా వదిలితేనా, మలుపులోనా అని రాసివ్వండి. మెకానిక్కుని స్టీరింగు దగ్గర కాకుండా వెనక సీట్లో కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుకురమ్మనండి. పని అయ్యాక విప్పిన పాత సామాను అడిగి తెచ్చుకోండి, వారం పది రోజుల తర్వాత యు బోల్టులు మరోసారి బిగించమని ఆ కాయితం మీదే రాసిపెట్టండి.