ఈ నెల మాట: ఈత

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. నీళ్లంటే భయం. బడిలో కూడా నోరు విప్పేది కాదు. డిసెంబరు సెలవుల్లో ఈతకు పంపాం.

మొదటి రోజు మెట్టు మీదే కూర్చుంది. రెండో వారం నీళ్లలో ముఖం పెట్టి బుడగలు ఊదింది. తర్వాత వెల్లకిలా తేలింది.

"అవ్వా, ఊపిరి మెల్లగా వదిలితే భయం తగ్గుతోంది!" అంది.

ఇప్పుడు క్లాసులో లేచి చదివే ముందు కూడా అలాగే చేస్తోంది.

నాకు ఈత రాదు. నా చిన్నప్పుడు డర్బన్‌లో మంచి బీచులు తెల్లవాళ్లకే. అన్నీ అందరికీ తెరిచింది 1989లో. అప్పటికి నాకు భయం పాతుకుపోయింది.

మన సామెత: "ఈతకు మించిన లోతు లేదు." ఈత వస్తే ఎంత లోతైనా భయం లేదని అర్థం.

ఈ నెల వాక్యాలు: "నాకు ఈత వచ్చు." "నాకు ఈత రాదు."

మొదటిది మనవరాలిది. రెండోది నాది. శనివారం నన్నూ రమ్మంది.