పరిశోధకుడికీ ఒక పక్షం ఉంటుంది

కంప్యూటర్లతో మనుషుల వ్యవహారాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఉద్యమాల జోలికి పోకూడదని, తటస్థంగా ఉండటమే నైతికత అని ఒక వాదన ఉంది. వినడానికి పెద్దమనిషి తరహాగానే ఉంటుంది. కానీ ఒక ఉదాహరణ చూడండి. 2012 జనవరిలో ఒక వారంపాటు ఫేస్‌బుక్ 6,89,003 ఖాతాల మీద ప్రయోగం చేసింది. కొందరికి సంతోషపు పోస్టులు, కొందరికి విచారపు పోస్టులు తగ్గించి, ఆ తర్వాత వాళ్లేం రాస్తున్నారో లెక్కగట్టింది. కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులూ ఇందులో భాగస్వాములే. ఖాతాదారులను ముందుగా అడిగినవాళ్లు లేరు. 2014లో ఫలితాలు అచ్చయి గొడవ రేగితే, ఖాతా తెరిచినప్పుడే షరతులకు ఒప్పుకున్నారు కదా అంది కంపెనీ. సమాచారం సేకరించింది కంపెనీ కాబట్టి తమ నైతిక సమీక్ష అక్కర్లేదని విశ్వవిద్యాలయం చేతులు దులుపుకుంది. నినాదం ఒక్కటీ లేని ఆ పరిశోధన కంపెనీ పక్షాన నిలిచింది. ఆ మాట పైకి చెప్పలేదంతే.

దీని పక్కన టర్కాప్టికాన్ అనే సాధనాన్ని పెట్టి చూడాలి. అమెజాన్ 2005లో తెచ్చిన మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ పనుల వేదికలో ఫొటోలు గుర్తించడం, సర్వేలు నింపడం వంటి చిల్లర పనులు చేసేవాళ్లలో అమెరికన్ల తర్వాత భారతీయులే ఎక్కువగా ఉండేవారు. పని నచ్చలేదని యజమాని తిప్పికొడితే కూలి రాదు. చేసిన పని మాత్రం అతని దగ్గరే ఉండిపోతుంది. పనివాళ్లకు రేటింగులు ఉండేవి, యజమానులకు లేవు. లిల్లీ ఇరానీ, సిక్స్ సిల్బర్‌మాన్ అనే ఇద్దరు పరిశోధకులు పనివాళ్ల గోడు విని, యజమానులకూ మార్కులు వేసే ఈ టర్కాప్టికాన్‌ను తయారుచేశారు. ఆ యజమానుల్లో విశ్వవిద్యాలయాల ఆచార్యులూ ఉన్నారు. చవగ్గా సర్వేలు చేయించుకునే వాళ్లకు మెకానికల్ టర్క్ అక్షయపాత్రే మరి.

పక్షం వహిస్తే ఫలితాలు వంకరపోవా? పోవచ్చు. పనివాళ్ల రివ్యూల్లో అక్కసు ఉండొచ్చు, మంచి యజమానికీ చెడ్డపేరు రావచ్చు. అయితే ఏ ప్రశ్న అడగాలో ఎంచుకోవడం వేరు, వచ్చిన జవాబును తారుమారు చేయడం వేరు. మొదటిదానిలో పక్షం తప్పదు, రెండోది మోసం. పక్షం పైకి చెప్పినవాడి లెక్కల్ని పాఠకుడు అనుమానంగానే తరచి చూస్తాడు, అది మంచిదే. పైగా 2016లో ఇరానీ, సిల్బర్‌మాన్‌లే తమ పనిని విమర్శించుకుంటూ ఒక పత్రం రాశారు: పొగడ్తలు రూపకర్తలకు దక్కాయని, పనివాళ్లు కథలో వెనక్కి పోయారని. నాకు మరో సందేహం ఇంతకంటే బరువుగా తోస్తుంది. పరిశోధకుడు పత్రం ప్రచురించి తన దారిన పోతాడు, ఖాతా మూతపడితే నష్టపోయేది పనివాడు. కాబట్టి నిధులు ఆగాక ఇలాంటి సాధనాన్ని ఎవరు నడపాలో మొదట్లోనే తేల్చుకోవాలి. సమ్మతి పత్రం మీద సంతకాలు చూసే సమీక్షా సంఘాలు ఈ ప్రశ్నను కూడా అడగాలి. టర్కాప్టికాన్ నిర్వహణ చివరికి పనివాళ్ల చేతికే వచ్చింది గానీ, అందుకు ఏళ్లు పట్టాయి.